బఫింగ్ ప్యాడ్ తయారీ

బఫింగ్ మిషన్‌లో కారు రంగును తాకే భాగం ఒక్కటే, అది ప్యాడ్. మోటారు ఎంత బలమైనదైనా, రంగును అరగదీసే కాంపౌండ్ ఎంత పేరున్నదైనా, రెండింటి పనితనమూ ఐదారు అంగుళాల వెడల్పున్న ఆ ఉన్ని బిళ్ల ద్వారానో, స్పాంజి బిళ్ల ద్వారానో రంగుకు చేరాల్సిందే. ప్యాడ్ శుభ్రంగా ఉండి, కాంపౌండ్ దానిలో సమంగా ఇంకితే బానెట్ మీద ట్యూబ్‌లైట్ నీడ గీత గీసినట్టు కనిపిస్తుంది. ప్యాడ్‌లో ఒక్క ఇసుక రేణువు ఇరుక్కున్నా ఆ నీడ చుట్టూ గుండ్రటి సన్న గీతలు తేలుతాయి. అయినా తెలంగాణలో జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వంటి ఊళ్లలోని టింకరింగ్, పెయింటింగ్ షెడ్లలో మిషన్ గురించి జరిగినంత చర్చ ప్యాడ్ గురించి జరగదు. నిన్నటి కారు మీద తిరిగిన ప్యాడ్‌నే దులిపి ఈ రోజు బిగించడం చాలాచోట్ల మామూలు.

ప్యాడ్ మీద ఇంత శ్రద్ధ ఎందుకో తెలియాలంటే అది పనిచేసే పొర మందం తెలియాలి. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన కారు రేకు మీద సాధారణంగా నాలుగు పొరలుంటాయి. అడుగున తుప్పు పట్టకుండా కాపాడే పూత. రేకును తొట్టిలో ముంచి, కరెంటు పంపి దీన్ని పట్టిస్తారు. దాని మీద ప్రైమర్, ఆ పైన రంగునిచ్చే బేస్ కోట్, అన్నిటికీ పైన రంగులేని క్లియర్ కోట్. ఈ చివరి పొరనే షెడ్లలో పెయింటర్లు లక్కర్ అంటారు. నాలుగు పొరలూ కలిపి సుమారు 100 నుంచి 130 మైక్రాన్లు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. క్లియర్ కోట్ ఒక్కటీ 35 నుంచి 50 మైక్రాన్ల దాకా ఉంటుంది. మనిషి తల వెంట్రుక మందం 70 మైక్రాన్ల దరిదాపుల్లో ఉంటుంది కాబట్టి బఫింగ్ అంతా వెంట్రుకకన్నా పల్చని పొర మీదే సాగుతుందన్నమాట.

గీతలను బఫింగ్ పూడ్చదు. గీత అడుగుదాకా చుట్టూ ఉన్న క్లియర్ కోట్‌ను అరగదీసి, ఉపరితలాన్ని మళ్లీ ఒకే మట్టానికి తెస్తుంది. గట్టి కాంపౌండ్‌తో ఒక్కసారి పని పూర్తయ్యేసరికి సాధారణంగా ఒకటి నుంచి మూడు మైక్రాన్ల దాకా పోతుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలను అడ్డుకునే రసాయనాలు ఉండేది కూడా ఈ పొరలోనే కాబట్టి దాన్ని ఇష్టమొచ్చినట్టు అరగదీయడానికి లేదు. ఒక కారు తన జీవితకాలంలో తట్టుకోగల గట్టి బఫింగులు లెక్కపెట్టినన్నే. సరిగ్గా సిద్ధం చేయని ప్యాడ్ తన గీతలు తాను గీస్తుంది. వాటిని పోగొట్టడానికి ఇంకో విడత బఫింగ్ చేయాలి. ఆ ఖర్చు కూడా క్లియర్ కోట్ మీదే పడుతుంది.

కార్ల మీద నుంచి ప్యాడ్‌లోకి చేరే దుమ్ము జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో ఒక్క తీరుగా ఉండదు. జనగామ చుట్టూ ఎర్ర చలక నేలలు. హైదరాబాద్ నుంచి వరంగల్ మీదుగా పోయే 163వ నంబరు జాతీయ రహదారి మీద తిరిగే కారుకు ఎర్రమట్టి, టైర్ల నలుపు, బ్రేకుల నుంచి రాలే ఇనుప పొడి కలిసి పడతాయి. మహబూబాబాద్ జిల్లాలో గ్రానైట్ క్వారీలున్నాయి. రాయి కోసినచోట, లారీలు తిరిగినచోట లేచే తెల్లటి పొడిలో క్వార్ట్జ్ ఉంటుంది. ఖనిజాల కాఠిన్యాన్ని కొలిచే మోస్ కొలమానంలో దాని స్థాయి 7, అంటే గాజును కూడా గీసేంత గట్టిది. భూపాలపల్లిలో సింగరేణి గనుల బొగ్గు దుమ్ము ఉంది, చెల్పూరులో 500, 600 మెగావాట్ల రెండు యూనిట్లతో నడిచే కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం ఉంది. బొగ్గు మెత్తనిదే, కానీ దానితోపాటు వచ్చే రాతి పొడి మెత్తనిది కాదు. విద్యుత్ కేంద్రం నుంచి వచ్చే బూడిదలోనూ ఎక్కువ భాగం సిలికా, అల్యూమినా.

ఈ దుమ్మును పొద్దున్నే పొడి గుడ్డతో తుడిచే అలవాటువల్లే కారు రంగు మీద సగం గీతలు పడతాయి. మిగతా సగం వాటర్ సర్వీసింగ్ సెంటర్లో ఒకే బకెట్టు, ఒకే స్పాంజితో పది కార్లు కడగడంవల్ల. ఇది లెక్కగట్టి చెప్పిన మాట కాదు గానీ, ఏ షెడ్డులోనైనా బానెట్‌ను లైటు కింద చూస్తే గీతలు గుడ్డ తిరిగిన దిశలోనే కనిపిస్తాయి. బఫింగ్‌కు వచ్చిన కారును ముందు నీళ్లతో, షాంపూతో బాగా కడిగి, ఇనుప రేణువులను కరిగించే మందు చల్లి, ఆ తర్వాత బంకమట్టిలా మెత్తగా ఉండే క్లే బార్‌తో రుద్ది, చేత్తో తడిమితే నున్నగా తగిలేలా చేయాలని చెప్పేది అందుకే. ఆ పని వదిలేస్తే రంగులో అతుక్కున్న రేణువులన్నీ మొదటి నిమిషంలోనే ప్యాడ్‌లోకి ఎక్కుతాయి. తర్వాత ప్యాడ్‌ను ఎంత బాగా తయారుచేసినా దండగే.

ప్యాడ్లు ప్రధానంగా మూడు రకాలు. ఊలు, ఫోమ్, మైక్రోఫైబర్. ఊలు ప్యాడ్ అన్నిటికన్నా పాతది, వేగంగా కోసేది. టింకరింగ్ అయి కొత్తగా రంగు కొట్టిన డోరు మీద దుమ్ము మొటిమలను 1500 లేదా 2000 నంబరు వాటర్ పేపర్‌తో తీశాక, పేపర్ గీతలు పోగొట్టడానికి షెడ్లలో ముందుగా ఎత్తేది దీన్నే. పోగులు విడివిడిగా ఉంటాయి గనుక మధ్యలో గాలి ఆడుతుంది, ఫోమ్ అంత త్వరగా వేడెక్కదు. అయితే తనవంతు సన్న గీతలు వదలకుండా ఉండదు, దాని వెనుక ఫోమ్ తప్పదు. మంచి ప్యాడ్లకు వాడేది సన్నపోగు గొర్రెపిల్ల ఉన్ని. తెలంగాణ కురుమలు గొంగళ్లు నేసే దక్కనీ గొర్రె ఉన్ని ముతకది. చలికీ వానకీ ఆ గొంగడిని మించింది లేకపోయినా కారు రంగు మీద అది పనికిరాదు.

ఫోమ్ అంటే పాలియురేథేన్. 1937లో జర్మనీలో ఓటో బేయర్ బృందం రూపొందించిన రసాయన కుటుంబానికి చెందిన ఈ స్పాంజిలో వేల సూక్ష్మ గదులుంటాయి. గట్టి ఫోమ్ కోయడానికి, మధ్యస్థం పాలిష్‌కు, మెత్తనిది చివరి మెరుపుకు. రంగును చూసి ఫోమ్ గట్టిదనం తేల్చుకోవడం పొరపాటు. ఒక కంపెనీ నారింజ రంగు ప్యాడ్ కోతకు, మరో కంపెనీ నారింజ రంగు ప్యాడ్ మెరుపుకు ఉండవచ్చు. డబ్బా మీద రాసింది చదవాలి, లేదంటే బొటనవేలితో నొక్కి చూడాలి. మైక్రోఫైబర్ ప్యాడ్ కొత్తగా వచ్చింది. పల్చటి ఫోమ్ మీద పొట్టి సన్నపోగులు అతికించి చేస్తారు. బాగా కోస్తుంది, కానీ పోగులు తొందరగా అంటుకుపోతాయి కాబట్టి అన్నిటికన్నా ఎక్కువ ఆలనాపాలనా దీనికే కావాలి.

ఈ ప్రాంతంలో మెరుగు పెట్టేది కార్లకు మాత్రమే కాదు. జనగామకు హైదరాబాద్ వైపున్న పెంబర్తిలో ఇత్తడి రేకు మీద విశ్వకర్మలు చేసే పని కాకతీయుల కాలం నుంచి పేరున్నది. దానికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. లోహానికి మోటారు మీద మెరుగు పెట్టేచోట మామూలుగా వాడేది పొరలు పొరలుగా కుట్టిన నూలుగుడ్డ చక్రం. గట్టి సబ్బు బిళ్లలా ఉండే పాలిష్‌ను తిరిగే చక్రానికి ఆనించి పట్టిస్తారు. ఇత్తడి వేడిని క్షణాల్లో పక్కలకు పంపేస్తుంది, రేకు మొత్తం ఒకే లోహం, కాస్త ఎక్కువ అరిగినా కింద ఉన్నదీ ఇత్తడే. కారు రంగుకు ఈ రెండు వెసులుబాట్లూ లేవు. క్లియర్ కోట్ ప్లాస్టిక్ జాతిది, వేడిని పట్టి ఉంచుకుంటుంది, అరిగితే కింద రంగు బయటపడుతుంది. లోహానికి వాడే గుడ్డ చక్రం గానీ, దాని పాలిష్ బిళ్ల గానీ కారు షెడ్డులోకి రాకూడదు. మహబూబాబాద్ వైపు ఇంకో ప్రమాదం ఉంది. గ్రానైట్‌కు మెరుగు పెట్టే డైమండ్ ప్యాడ్లు కూడా గుండ్రంగానే ఉంటాయి, వాటి వీపుకూ వెల్క్రోనే ఉంటుంది, మిషన్ కూడా చూడ్డానికి దగ్గరగానే ఉంటుంది. రెండు పనులూ ఒకే కప్పు కింద జరిగేచోట పెట్టెలు వేరుగా ఉండకపోతే గ్రానైట్ పొడి కారు ప్యాడ్‌లోకి చేరడానికి ఎంతో సేపు పట్టదు.

కొత్త ప్యాడ్ కవరులోంచి తీయగానే పనికి సిద్ధంగా ఉండదు. ఫోమ్ ప్యాడ్‌లో కోసినప్పటి నలుసులు ఉండవచ్చు. మెత్తటి నైలాన్ బ్రష్‌తో ముఖం మీద నాలుగైదుసార్లు దులిపితే అవి రాలిపోతాయి. అంచు చుట్టూ వేలితో తడిమి చూడాలి. అచ్చు అతుకు గట్టిగా తగిలితే ఆ అంచు మలుపుల దగ్గర గీస్తుంది. ఊలు ప్యాడ్‌కు ఇంకొంచెం పని ఉంటుంది. దానిలో ఊడిపోయే పోగులు చాలా ఉంటాయి. కారుకు దూరంగా, మిషన్‌ను అతి తక్కువ వేగంలో తిప్పుతూ, పళ్ల చక్రం ఉన్న స్పర్ అనే పనిముట్టును ప్యాడ్‌కు మెల్లగా ఆనిస్తే ఊడే పోగులన్నీ గాలిలోకి లేస్తాయి. ముక్కుకు మాస్కు, కళ్లకు అద్దాలు లేకుండా ఈ పని చేయడం మంచిది కాదు. స్పర్ లేనిచోట స్క్రూడ్రైవర్ మొననో, హ్యాక్సా బ్లేడునో వాడేవాళ్లున్నారు. పోగులు తెగిపోతాయి, చేయి జారితే ప్యాడ్ వీపు చీలుతుంది. గట్టి నైలాన్ బ్రష్ ఎంతో నయం, దాని ధర కూడా పెద్దదేం కాదు.

ప్యాడ్‌ను పట్టుకునే బ్యాకింగ్ ప్లేటుకు ఉండే వెల్క్రోను స్విట్జర్లాండ్ ఇంజనీరు జార్జ్ డి మెస్ట్రల్ కనిపెట్టాడు. 1941లో వేట నుంచి తిరిగొచ్చి తన కుక్క బొచ్చుకు, బట్టలకు పట్టిన గింజలను పరిశీలించడంతో ఆ ఆలోచన మొదలైంది. పేటెంట్ 1955లో వచ్చింది. తెలంగాణ చేలగట్ల మీద ఉత్తరేణి గింజలు పంచెలకు అంటుకునే పద్ధతి కూడా ఇలాంటిదే. వెల్క్రోలోని సన్న కొక్కేల బలహీనత వేడి. నైలాన్ కొక్కేలు ఎక్కువ వేడికి మెత్తబడి వంగిపోతాయి, అప్పుడు ప్యాడ్ పని మధ్యలో ఊడి ఎగిరిపోతుంది. ప్లేటు మీద ప్యాడ్‌ను సరిగ్గా మధ్యలో అతికించడం చిన్న విషయంగా కనిపించినా, పావు అంగుళం పక్కకు జరిగితే మిషన్ అదురుతుంది, అదురుడుకు అంచు వేడెక్కుతుంది, చేతులు కూడా త్వరగా అలసిపోతాయి. ప్లేటు ప్యాడ్‌కన్నా కాస్త చిన్నదిగా ఉండాలి. ప్లేటు అంచు రంగుకు తగిలితే జరిగే నష్టాన్ని ఏ కాంపౌండూ సరిదిద్దలేదు.

ఇక అసలు తయారీ, ప్యాడ్‌కు కాంపౌండ్ పట్టించడం. కాంపౌండ్‌లో రంగును అరగదీసేది ఎక్కువగా అల్యూమినియం ఆక్సైడ్ పొడి. మోస్ కొలమానంలో దాని స్థాయి 9. ఆ పొడి నీళ్లు, నూనెలు కలిసిన చిక్కటి ద్రవంలో తేలుతూ ఉంటుంది. పొడి ప్యాడ్ మీద నాలుగు చుక్కలు వేసి మిషన్ ఆన్ చేస్తే చుక్క పడినచోట మాత్రమే కోత ఉంటుంది. మిగతా ప్యాడ్ ముఖమంతా ఎండు స్పాంజిగా క్లియర్ కోట్ మీద రాసుకుంటుంది. కొత్త ఇనుప పెనానికి నూనె పట్టించకుండా దోసె పోస్తే ఒకచోట మాడి ఒకచోట అంటుకున్నట్టే, ఇక్కడ ఒకచోట మబ్బుగా, ఒకచోట గీతలుగా, ఒకచోట మెరుపుగా వస్తుంది. అలా మొదటి ప్యానెల్ పాడై, మూడో ప్యానెల్‌కు వచ్చేసరికి ప్యాడ్ దానంతటదే కాంపౌండ్ పీల్చుకుని కుదురుకుంటుంది. దాంతో చాలామంది తప్పు మొదటి ప్యానెల్ రంగుది అనుకుంటారు.

పట్టించే పద్ధతి దగ్గర నుంచి చూస్తే ఇలా ఉంటుంది. ముందు సీసాను బాగా కుదపాలి, ఎందుకంటే నిలవున్న సీసాలో పొడి అడుగుకు చేరి పైన నూనె తేలుతుంది. ఐదు అంగుళాల ఫోమ్ ప్యాడ్ ముఖం మీద అంచుకు కాస్త లోపల ఒక చుట్టు, మధ్యలో రెండు మూడు చుక్కలు వేయాలి. తొడుగు వేసుకున్న వేలితో దాన్ని మధ్య నుంచి అంచుదాకా రుద్దాలి. పైపైన పూయడం కాదు, ఫోమ్ గదుల్లోకి దిగేలా నొక్కుతూ రుద్దాలి. ముఖమంతా ఒకే రంగులోకి మారి, వేలికి తడి తగిలి, మీగడలా పేరుకోకుండా ఉంటే సరిపోయినట్టు. ఎక్కడైనా ఫోమ్ అసలు రంగు పొడిగా కనిపిస్తే అక్కడ ఇంకో చుక్క. ఎక్కువైతే శుభ్రమైన మైక్రోఫైబర్ గుడ్డతో ఒత్తి తీసేయాలి. ప్యాడ్ నిట్టనిలువు అంచుకు కాంపౌండ్ పూయాల్సిన పనిలేదు. అక్కడ పూస్తే మిషన్ తిరగ్గానే అద్దాల మీదకు, రబ్బరు బీడింగుల మీదకు చిమ్ముతుంది. మైక్రోఫైబర్ ప్యాడ్‌కు ఇంకొంచెం ఎక్కువ పడుతుంది, ప్రతి పోగూ తడవాలి. ఊలు ప్యాడ్‌కు కాంపౌండ్‌ను పోగుల మొదళ్లదాకా తోయకుండా కొనల వరకే పట్టించడం మేలు, మొదట్లో చేరింది ఎండి గట్టిపడుతుంది తప్ప పనికి రాదు.

పట్టించిన ప్యాడ్‌ను ప్యానెల్ మీద రెండు అడుగుల చదరంలో నాలుగైదుచోట్ల అద్ది, మిషన్‌ను అతి తక్కువ వేగంలో పెట్టి ఒకసారి పరిచి, ఆ తర్వాతే వేగం పెంచాలి. ప్యాడ్ రంగుకు ఆనిన తర్వాతే స్విచ్ వేయాలి, ప్యాడ్ లేపక ముందే ఆపాలి. గాలిలో ఆన్ చేస్తే కాంపౌండ్ గోడలకు, బట్టలకు అంటుతుంది. మొదటిసారి ఇలా పట్టించాక ప్రతి చదరానికీ శనగగింజంత చుక్కలు మూడో నాలుగో చాలు. కాంపౌండ్ ఎక్కువ పోస్తే ఎక్కువ కోస్తుందన్న నమ్మకం షెడ్లలో గట్టిగా ఉంది. నిజానికి జరిగేది దానికి విరుద్ధం. ఫోమ్ గదులన్నీ నిండిపోయి, ప్యాడ్ రంగు మీద జారుతుంది, కోత తగ్గుతుంది, ఆ పలచన పేస్టు ఎండి తెల్లటి పొడిగా రాలుతుంది. తక్కువైతే ప్యాడ్ కీచుమంటుంది, ఎగిరెగిరి పడుతుంది, ముట్టుకుంటే చురుక్కుమంటుంది. ఎండాకాలంలో కాంపౌండ్ త్వరగా ఎండినప్పుడు ప్యాడ్ మీద నీళ్లు ఒక్కసారి సన్నగా చల్లడం తప్పు కాదు. రెండోసారి చల్లాలనిపిస్తే అప్పుడు కావలసింది నీళ్లు కాదు, శుభ్రమైన ప్యాడ్.

తిరిగే మిషన్లలో రెండు జాతులున్నాయి. రోటరీ ఒకే ఇరుసు మీద గిర్రున తిరుగుతుంది, త్వరగా కోస్తుంది, త్వరగా వేడెక్కిస్తుంది. డ్యూయల్ యాక్షన్ తిరుగుతూనే పక్కకు ఊగుతుంది, 8 మిల్లీమీటర్ల నుంచి 21 మిల్లీమీటర్ల దాకా ఊగేవి ఉన్నాయి. చేయి కొత్తదైతే ఇదే క్షేమం. ప్యాడ్ తయారీ రెండింటికీ ఒకటే, కాకపోతే ఊగే మిషన్‌లో ప్యాడ్ లోపలే వేడి పుడుతుంది. ఫోమ్ పైకి మామూలుగా కనిపిస్తూనే మధ్యలో మెత్తబడి జిగురు ఊడుతుంది. అందుకని ఇలాంటి ప్యాడ్లకు కొన్నిటికి మధ్యలో రంధ్రం పెడతారు. గాలి ఆడటానికి, వేడి పోవడానికి అది ఉపయోగపడుతుంది.

పని మొదలయ్యాక కూడా తయారీ ఆగదు. నిజానికి ప్యాడ్ పాడయ్యేది ఇక్కడే. ప్రతి చదరం పూర్తికాగానే ప్యాడ్‌లో రెండు రకాల చెత్త చేరుతుంది. వాడేసిన కాంపౌండ్, అరిగిన క్లియర్ కోట్ పొడి. ఇవి కలిసి, ఎండి, ముఖం మీద చిన్న గట్టి పొరగా మారతాయి. లైటు కింద వాలుగా పట్టి చూస్తే అది ఫోమ్ మీద నిగనిగలాడే మచ్చలా కనిపిస్తుంది. ఆ మచ్చతో ముందుకు వెళ్తే క్లియర్ కోట్‌ను క్లియర్ కోట్ పొడితోనే రుద్దినట్టవుతుంది. ఫోమ్ అయితే మిషన్‌ను తక్కువ వేగంలో తిప్పుతూ నైలాన్ బ్రష్‌ను పది సెకన్లు ఆనించాలి, లేదా మడిచిన టెర్రీ తువ్వాలును ప్యాడ్‌కు నొక్కి తిప్పాలి. మైక్రోఫైబర్‌కు గాలి ఒత్తిడి బాగా పనిచేస్తుంది. పంక్చర్ షాపుల్లో, షెడ్లలో కంప్రెషర్ ఉండనే ఉంటుంది. అయితే ట్యాంకు అడుగున చేరిన నీళ్లు, నూనె వదిలేయకుండా దాన్ని వాడితే ఆ జిడ్డంతా ప్యాడ్‌కు పడుతుంది. గాలి పెట్టేముందు అడుగు వాల్వు తెరిచి నీళ్లు పోనివ్వాలి. వర్షాకాలంలో ఇది రోజూ చేయాల్సిన పని.

ఒక కారుకు ఒక ప్యాడ్ చాలదు. కోతకే నాలుగైదు ప్యాడ్లు, మెరుపుకు రెండు పక్కన ఉండాలి. రెండు ప్యానెళ్లకొకసారి మార్చితే వాడిన ప్యాడ్ చల్లారుతుంది, ఫోమ్ పైకి లేచి తన ఆకారం తెచ్చుకుంటుంది. ఒకే ప్యాడ్‌తో కారు మొత్తం లాగేస్తే ఐదో ప్యానెల్ నాటికి దానిలో పనిచేసేది కొత్త కాంపౌండ్ కాదు, పాతదాని మడ్డి. ఖర్చు ఎక్కువనిపించినా మార్చిమార్చి వాడిన ఐదు ప్యాడ్లు, విశ్రాంతి లేకుండా వాడిన ఐదు ప్యాడ్లకన్నా చాలా కాలం వస్తాయి. ఒక కాంపౌండ్ పట్టిన ప్యాడ్‌కు ఇంకో కాంపౌండ్ పట్టించకూడదన్నది కూడా గట్టిగా పాటించాల్సిన నియమం. ముతకది తాకిన ఫోమ్ గదుల్లోంచి ఎంత కడిగినా కొన్ని రేణువులు పోవు. వీపు మీద పర్మనెంట్ మార్కర్‌తో కోత, పాలిష్, మెరుపు అని రాసి పెట్టుకుంటే ఆ గందరగోళం ఉండదు.

మే నెలలో ఈ జిల్లాల్లో ఎండ 44, 45 డిగ్రీలకు చేరుతుంది. ఎండలో నిలిపిన నల్ల కారు బానెట్ అంతకన్నా ఎన్నో డిగ్రీలు ఎక్కువ కాలుతుంది. అరచేయి ఐదు సెకన్లు ఆనించలేనంత వేడిగా ఉన్న రేకు మీద కాంపౌండ్ పరిచేలోపే ఎండుతుంది, అక్కడ ఏ ప్యాడూ నిలవదు. కారును కనీసం గంటసేపు నీడన ఉంచాలి. రేకుల షెడ్డు నీడనిస్తుంది గానీ చల్లదనం ఇవ్వదు. ఎండాకాలం బఫింగ్ పని తెల్లవారి మొదలుపెట్టి పదిగంటలకల్లా ముగించడం, లేదంటే సాయంత్రం మొదలుపెట్టడం తెలివైన పద్ధతి. రోడ్డు పక్కనున్న షెడ్డయితే పని జరిగేవైపు పరదా కట్టి, నేల మీద నీళ్లు చల్లితే దుమ్ము లేవదు. భూపాలపల్లిలో బొగ్గు లారీలు పోయే రోడ్ల మీద ఇది ఐచ్ఛికం కాదు. వాడని ప్యాడ్లు మూత ఉన్న డబ్బాలో ఉండాలి. కింద పడిన ప్యాడ్‌ను ఆ రోజు మళ్లీ కారు మీద పెట్టకూడదు, దులిపినా సరే. నేల మీది ఇసుక దులుపుడుకు పోదు, కడిగితేనే పోతుంది.

కడగడం కూడా ఆ రోజే చేయాలి. ఒక రాత్రి ఎండిన కాంపౌండ్ రాయవుతుంది. గోరువెచ్చని నీళ్లలో కాస్త ద్రవ డిటర్జెంట్ వేసి, పది నిమిషాలు ముఖం కిందికి ఉండేలా నానబెట్టి, బొటనవేళ్లతో మధ్య నుంచి అంచుకు నొక్కుతూ పిండాలి. తువ్వాలును మెలిపెట్టి పిండినట్టు పిండితే ఫోమ్‌కూ వెల్క్రోకూ మధ్య జిగురు ఊడుతుంది. నురగ తెల్లగా వచ్చేదాకా నీళ్లు మార్చాలి. కిరోసిన్, పెట్రోలు, థిన్నర్ దగ్గరికి రానీయకూడదు, అవి జిగురునూ ఫోమ్‌నూ తినేస్తాయి. మరిగే నీళ్లు కూడా అంతే. ఊలు ప్యాడ్‌కు వేడినీళ్లు అసలే వద్దు, ఉన్ని ముడుచుకుని గడ్డకడుతుంది.

నీళ్ల గురించి ఒక మాట చెప్పాలి. పల్లెల్లో, పట్టణాల్లో చాలా బోర్ల నీళ్లు ఉప్పగా ఉంటాయి, కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. సబ్బు నురగ రాదు, వచ్చినా విరిగి తెల్లటి ముద్ద అవుతుంది. ఆ నీళ్లతోనే చివరిదాకా కడిగి ఆరబెడితే ఫోమ్ గదుల్లో సున్నపు పొర మిగిలి, ముట్టుకుంటే గరుకుగా తగులుతుంది. అది మళ్లీ బానెట్ మీదకు వెళ్తుంది. మొదటి కడుగుడుకు బోరు నీళ్లు వాడినా, చివరి జాడింపుకు మిషన్ భగీరథ పథకం నల్లా నీళ్లో, పట్టి ఉంచిన వాననీళ్లో, ఆర్.ఓ. ప్లాంటు నీళ్లో వాడితే సరిపోతుంది. ఒక్కో ప్యాడ్‌కు రెండు చెంబులు చాలు. కారు మీద ఎండిన బోరు నీళ్ల మచ్చలను పోగొట్టడానికి వచ్చిన వాహనానికి అదే నీళ్లతో కడిగిన ప్యాడ్ పెట్టడం మరీ విడ్డూరం.

ఆరబెట్టడం నీడలో జరగాలి. ఎండ పాలియురేథేన్‌ను పసుపుపచ్చగా మార్చి, పెళుసుబారుస్తుంది. ముఖం కిందికి, వెల్క్రో పైకి ఉండేలా జాలీ మీద పెడితే నీళ్లు జిగురు వైపు నిలవకుండా దిగిపోతాయి. ఫ్యాన్ కింద రాత్రంతా ఉంచితే ఫోమ్ ఆరుతుంది. ఊలుకు ఇంకో పూట పట్టవచ్చు, ఆరిన తర్వాత బ్రష్‌తో పోగులు లేపాలి. తడి ఆరని ప్యాడ్‌ను కవరులో పెడితే వర్షాకాలంలో రెండు రోజుల్లో బూజు వాసన వస్తుంది. తడి ప్యాడ్‌కు కాంపౌండ్ పట్టిస్తే కాంపౌండ్ పలచబడి కోత పోతుంది. పూర్తిగా ఆరాక ఒక్కో ప్యాడ్‌ను విడిగా జిప్ కవరులో పెట్టాలి. మిషన్‌కే తగిలించి, ప్యాడ్ కిందికి ఉండేలా బల్ల మీద వదిలేస్తే మిషన్ బరువుకు ఫోమ్ ఒకవైపు అణిగిపోతుంది, మర్నాడు అదురుడుతోనే పని మొదలవుతుంది.

ప్యాడ్‌ను ఎప్పుడు పారేయాలన్నది కూడా తయారీలో భాగమే. వేలితో నొక్కి వదిలితే ఫోమ్ పైకి లేవకపోవడం, ముఖం మీద గింజంత చిరుగు, వెల్క్రో చుట్టూ జిగురు విడిపోవడం, ఎంత కడిగినా మధ్యలో గట్టి మచ్చ మిగలడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా దాని పని రంగు మీద అయిపోయినట్టే. హెడ్‌లైట్ల ప్లాస్టిక్ మీదా అలాంటి ప్యాడ్ వాడకూడదు, అక్కడా గీతలు పడతాయి. అల్లాయ్ చక్రాల లోపలి వైపుకో, సైలెన్సర్ గొట్టానికో ఇంకొన్నాళ్లు పనికొస్తుంది. ఒకసారి చక్రాలకు వాడాక మాత్రం మళ్లీ రంగు పెట్టెలోకి రానీయకూడదు, ఎందుకంటే బ్రేకుల ఇనుప పొడి దానిలో చేరి ఉంటుంది.

తెల్ల కార్ల మీద ప్యాడ్ తప్పులు త్వరగా కనిపించవు. నల్ల కారు, ముదురు నీలం కారు అన్నీ బయటపెడతాయి. అందుకే ఏ రంగు కారైనా ముందు డిక్కీ మీద అడుగు చదరంలో ఆ ప్యాడ్, ఆ కాంపౌండ్ కలిపి పరీక్షించి, నూనె మరకలు తీసే ద్రవంతో తుడిచి, పక్కవాటుగా లైటు పట్టి చూడాలి. తుడవకుండా చూస్తే కాంపౌండ్‌లోని నూనెలు గీతలను కప్పేస్తాయి, రెండు సర్వీసింగుల తర్వాత అవి మళ్లీ తేలుతాయి. ఆ చదరం శుభ్రంగా వస్తేనే మిగతా కారు. మబ్బుగా వస్తే మెత్తటి ప్యాడ్‌కు మారాలి. గీతలు అలాగే ఉంటే ఒక మెట్టు గట్టి ప్యాడ్‌కు వెళ్లాలి. కొత్త గీతలు వస్తే ఆ ప్యాడ్‌ను పక్కన పెట్టి, కవరులోంచి ఇంకొకటి తీసి, దానికి మొదటి నుంచీ కాంపౌండ్ పట్టించాలి.